పెళ్లికి ముందు మేనల్లుడికి: కండోమ్ గురించి నాలుగు మాటలు

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

రెండేళ్లదాకా పిల్లలు వద్దనుకుంటున్నాం అని మొన్న ఫోన్లో అన్నావు. ఆ వెంటనే ఏదో అడగబోయి మాట మార్చేశావు. మీ నాన్నని అడగలేవని నాకు తెలుసు. ప్రభుత్వాసుపత్రి హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రంలో కౌన్సెలర్‌గా చేసి రిటైరైనవాణ్ణి, ఊళ్లోవాళ్లందరికీ చెప్పిన మాటలు సొంత అల్లుడికి చెప్పడానికి మొహమాటమేమిటి? తీరిగ్గా చదువుకో. కావాలంటే ఆ అమ్మాయికీ చూపించు.

మన ఇళ్లల్లో పిల్లలు వద్దనుకుంటే ఆ బరువంతా ఆడవాళ్ల మీదే పడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయి పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. కండోమ్ వాడే మగవాళ్లు మరీ అరుదు. నువ్వు ఆ పూచీ నీ మీద వేసుకుంటున్నందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది.

కండోమ్‌ని నమ్మలేం, చిరిగిపోతుంది అని నీ స్నేహితులు ఈపాటికి చెప్పే ఉంటారు. ప్రతిసారీ, పద్ధతిగా వాడితే ఏడాదిలో నూటికి 2 జంటల్లోనే గర్భం వస్తుంది. జనం మామూలుగా వాడే తీరులో అయితే నూటికి 13. ఈ ఒక్కసారికి పర్లేదులే అనుకోవడం, మధ్యలో గుర్తొచ్చి వేసుకోవడం, బయటికి తీసేటప్పుడు పట్టుకోకపోవడం... ఆ తేడా అంతా ఇక్కడే వస్తుంది.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద గడువు తేదీ చూడు. పర్సులో పెట్టుకు తిరగకు, ఒంటి వేడికీ రాపిడికీ లాటెక్స్, అంటే కండోమ్ చేసే రబ్బరు, పాడవుతుంది. ఎండాకాలంలో బైకు డిక్కీ అంతకన్నా అన్యాయం. ఇంట్లో బీరువా అర చాలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నిరోధ్ ఊరికే ఇస్తారు. ఊరికే వచ్చేది కదా అని చులకన చేయకు. తిరువనంతపురంలో ప్రభుత్వ రంగ సంస్థ హిందుస్తాన్ లాటెక్స్ (ఇప్పటి పేరు హెచ్‌ఎల్‌ఎల్ లైఫ్‌కేర్) 1969 నుంచి కండోమ్‌లు తయారుచేస్తోంది, నాణ్యత పరీక్షలు దాటాకే అవి బయటికొస్తాయి. ఎక్కువసేపు ఆగుతామని రాసి అమ్మేవాటిలో తిమ్మిరెక్కించే మందు ఉంటుంది. మొదట్లో నీకు వాటితో పనిలేదు.

ఇక వేసుకునే పద్ధతి. మా కేంద్రంలో బల్ల మీద చెక్కతో చేసిన నమూనా ఒకటి ఉండేది. ఇద్దరు పిల్లల తండ్రులు కూడా దాని మీద కండోమ్‌ని తిరగేసి పెట్టి, దిగడం లేదేంటండీ అని అడిగేవారు. అందుకే ఇది కాస్త విడమరిచి రాస్తున్నాను.

ప్యాకెట్‌ని వేళ్లతో నొక్కి చూడు, లోపల గాలి ఉన్నట్టు తగలాలి. తగలకపోతే ఎక్కడో చిల్లు పడ్డట్టే, అది వాడకు. లోపలున్నదాన్ని ఒక పక్కకి జరిపి, రెండో పక్కన గాట్లున్న అంచు దగ్గర చింపు. పళ్లతో కొరకొద్దు, కత్తెర వద్దు. అంగం పూర్తిగా గట్టిపడ్డాక, ఆమె మర్మాంగాన్ని తాకకముందే వేసుకోవాలి. స్ఖలనానికి ముందు ఊరే జిగురులో కూడా వీర్యకణాలు ఉండొచ్చు, జబ్బు క్రిములూ ఉండొచ్చు. ముందు చర్మాన్ని వెనక్కి లాగి, కండోమ్ కొసనున్న చిన్న సంచిని రెండు వేళ్ల మధ్య నొక్కి పట్టి గాలి తీసెయ్. ఆ నొక్కిన వేళ్లు వదలకుండానే రెండో చేత్తో మొదలుదాకా దించు. చుట్ట బయటివైపు ఉంటే సులువుగా జారుతుంది. దిగనని మొరాయిస్తే తిరగబడిందన్నమాట. దాన్నే తిప్పి వేసుకోకు, అప్పటికే జిగురు అంటి ఉంటుంది. పారేసి ఇంకోటి తీసుకో.

అయిపోయాక అలాగే ఉండిపోవద్దు. మెత్తబడకముందే అంగం మొదలు దగ్గర కండోమ్ అంచును పట్టుకుని మెల్లగా బయటికి రావాలి. ముడి వేసి, కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వెయ్యి. మళ్లీ కలవాలనుకుంటే మళ్లీ కొత్తదే. భద్రం కదా అని ఒకదాని మీద ఒకటి రెండు వేసుకుంటే రాపిడికి చిరిగే ప్రమాదం ఎక్కువ.

కొబ్బరినూనె సంగతి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో. మన ఇళ్లల్లో చేతికందేది అదే. నూనె, వాజెలిన్, ఒంటికి రాసుకునే క్రీములు లాటెక్స్‌ని నిమిషాల్లోనే బలహీనపరుస్తాయి, పైకి మాత్రం ఏ తేడా కనపడదు. తడి చాలకపోతే మెడికల్ షాపులో నీళ్లతో చేసిన జెల్లీ దొరుకుతుంది, అది వాడు. ఆమెకు నొప్పి అనిపిస్తే ఆగిపో. ఆ రాత్రే అన్నీ అయిపోవాలని ఎవరూ రాసిపెట్టలేదు. ఇద్దరిలో ఎవరికైనా దురద, దద్దుర్లు వస్తే లాటెక్స్ పడలేదేమో, వేరే పదార్థంతో చేసినవి ఉన్నాయి.

పెళ్లికి ముందే ఒక ప్యాకెట్ కొని ఒంటరిగా ఉన్నప్పుడు వేసి చూసుకో. చేతికి అలవాటైతే కంగారు తగ్గుతుంది. కంగారులో పటుత్వం తగ్గినా భయపడకు. కొత్తలో చాలామందికి అది మామూలే. దాన్ని పట్టుకుని గోడల మీద ప్రకటనలు రాసే వైద్యుల దగ్గరికి మాత్రం పోకు. ధాతునష్టం అని బెదిరించి వేలకు వేలు గుంజుతారు. వీర్యం పోతే బలం పోవడమనేది లేదు, కుర్రాళ్లు ఆ భయంతోనే చిక్కి సగమై మా దగ్గరికి వచ్చేవారు. నెలల తరబడి గట్టిపడకపోతే మాత్రం ఎంబీబీఎస్ డాక్టరుకి చూపించి షుగరు, బీపీ చూయించుకో. గుండె రక్తనాళాల జబ్బు ఒక్కోసారి అక్కడే ముందు బయటపడుతుంది. సిగరెట్ మానితే దీనికీ మంచిదే.

కండోమ్ చిరిగినా, లోపల జారిపోయినా 72 గంటల్లోపు ఆమె అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకోవచ్చు. ఎంత త్వరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. అది అప్పుడప్పుడు ఆపదకే, రోజూవారీ పద్ధతిగా పెట్టుకోవద్దు. హెచ్‌ఐవీ అనుమానం ఉన్న కలయికైతే అదే 72 గంటల్లోపు ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి, 28 రోజులు మందులు వాడాలి. మూత్రంలో మంట, చీము, పుండు ఏది కనిపించినా దాచకు. నొప్పి లేని పుండు సిఫిలిస్ అనే సుఖవ్యాధి కావచ్చు, తనంతట తాను మానినా జబ్బు లోపలే ఉంటుంది. అలాంటప్పుడు మందులు ఇద్దరూ వాడాలి.

హెచ్‌ఐవీ, గనేరియా (మూత్రంలో మంట, చీము తెచ్చే సుఖవ్యాధి) వంటివాటి నుంచి కండోమ్ బాగా కాపాడుతుంది. చర్మం తగిలితే అంటుకునే హెర్పిస్ (మర్మాంగాల దగ్గర పొక్కులు తెచ్చేది), హెచ్‌పీవీ (పులిపిర్లు తెచ్చే వైరస్) వంటివాటి నుంచి పూర్తిగా కాపాడలేదు. ఏదేమైనా ముహూర్తానికి ముందే ఇద్దరూ కలిసి రక్తపరీక్ష చేయించుకోండి. నీ మీద అనుమానంతో అనడం లేదు, పెళ్లి కుదిరిన ప్రతివాడికీ ఇదే చెప్పేవాణ్ణి. ఐసీటీసీలో, అంటే నేను పనిచేసినలాంటి ప్రభుత్వ పరీక్షా కేంద్రంలో, హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం సాధారణంగా నీ అనుమతి లేకుండా ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు. అనుమానం ఉన్న కలయిక జరిగి మూడు నెలలు కాకపోతే, మూడు నెలలు నిండాక మళ్లీ చేయించుకోవాలి. జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేస్తే దగ్గర్లోని కేంద్రం ఎక్కడుందో చెప్తారు.

అమ్మాయికి అడగాల్సినవి ఉంటే మీ అత్తయ్యని అడగమను. ఇరవయ్యేళ్లకు పైగా నర్సు ఉద్యోగం చేసిన మనిషి, ఏదీ కొత్త కాదు ఆవిడకి.

ఇట్లు,
మీ మామయ్య