పరుగుతో పాటే తీర్పు

ప్రశ్న: రెండేళ్ళుగా జిల్లా స్థాయి ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు రెఫరీగా ఉంటున్నాను. రోజూ పొద్దున పరుగు సాధన చేస్తాను, రాత్రి నిబంధనలు చదువుకుంటాను. అయినా చివరి ఇరవై నిమిషాల్లో నా తీర్పులు తడబడుతున్నాయి. మొన్న ఒకే ఆటగాడికి రెండోసారి పసుపు కార్డు చూపించి, ఎర్రకార్డు చూపడం మరిచిపోయాను. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఇదే పొరపాటు ప్రపంచకప్‌లోనూ జరిగింది. 2006లో క్రొయేషియా, ఆస్ట్రేలియా తలపడిన మ్యాచ్‌లో ఇంగ్లండ్ రెఫరీ గ్రాహం పోల్, క్రొయేషియా ఆటగాడు సిమునిచ్‌కు మూడు పసుపు కార్డులు చూపించాక గానీ బయటికి పంపలేదు. 90వ నిమిషంలో చూపిన రెండో కార్డును, అదే 3వ నంబరు చొక్కా వేసుకున్న ఆస్ట్రేలియా ఆటగాడి పేరున రాసుకున్నారు. రెండో పసుపు కార్డుకే ఆటగాణ్ణి బయటికి పంపాలన్న నిబంధన అంతటి అనుభవజ్ఞుడికి తెలియకపోవడమంటూ ఉండదు.

మీ విషయంలో లోపం సాధన పద్ధతిలో ఉందని నా అభిప్రాయం. పొద్దున పరిగెత్తేటప్పుడు మీరు ఏమీ తేల్చవలసిన అవసరం లేదు, రాత్రి చదివేటప్పుడు ఆయాసం లేదు. మ్యాచ్‌లో మాత్రం గుండె దడదడ కొట్టుకుంటుండగానే ఎవరు ముందు తగిలారు, బంతికి తగిలిందా కాలికి తగిలిందా అన్నది క్షణంలో తేల్చాలి. ఆ రెంటినీ కలిపి ఎన్నడూ సాధన చేయకపోతే కలిసి వచ్చిన రోజున తడబాటు సహజమే.

రెఫరీలకు ఫిఫా పెట్టే పరుగు పరీక్షలో 75 మీటర్ల పరుగు, 25 మీటర్ల నడక చొప్పున 40 సార్లు చేయాలి కదా, దాన్నే సాధనకు వాడుకోండి. పరుగు ముగిసే చోట ఒక మిత్రుణ్ణి నిలబెట్టి, మీరు చేరగానే ఫోన్‌లో ఐదారు సెకన్ల ఆట ముక్క చూపించమనండి. ఊపిరి కుదుటపడే దాకా ఆగకుండా ఫౌలా కాదా, కార్డు ఉందా, ఆట ఎలా మొదలవ్వాలి అన్నది వెంటనే చెప్పండి. నడిచే 25 మీటర్లలో ఆ ఆటగాడి చొక్కా రంగు, నంబరు పైకి అనుకోండి. మొదట్లో ఎనిమిది పరుగులు చాలు. పూర్తి వేగంతో పరిగెత్తే రోజున మాత్రం ఇది పెట్టుకోవద్దు, రెండూ చెడతాయి.

కార్డు రాసేటప్పుడు ముందు చొక్కా రంగు, తర్వాత నంబరు రాయండి. మీ తీరప్రాంతపు ఉక్కలో చెమటకు పెన్ను రాత అలుక్కుపోతుంది కనుక పెన్సిలు వాడండి. రెండో సగంలో నీళ్ళకు ఆట ఆపినప్పుడు, గొంతు తడుపుకొనే ముందే ఆ కాగితం ఒకసారి చదువుకోండి.