నాన్న మాత్ర ఆపేశాడన్నావుగా, అందుకే ఈ ఉత్తరం

బుజ్జీ,

నీ మెసేజ్ పొద్దున్నే చూశాను. నాన్న మోచేతి కింద నల్లగా కమిలిన మచ్చ ఫోటో కూడా చూశాను. పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని, మొన్న బాత్రూంలో జారాడని, ఎదురు ఫ్లాట్ ఆయన "ఈ వయసులో రక్తం పలచబడే మందులెందుకండీ, ఎకోస్ప్రిన్, అదే ఆస్పిరిన్, చాలదా" అన్నాడని, నాలుగు రోజులుగా రక్తం గడ్డకట్టకుండా వేసుకునే ఎపిక్సబాన్ మాత్ర మానేశాడని రాశావు. ముందు ఒక్క సంగతి చెప్పు. జారినప్పుడు తల తగిలిందా? అది నువ్వు రాయలేదు. తగిలి ఉంటే, చిన్న బొప్పే అయినా, ఇప్పుడు మామూలుగా తిరుగుతున్నా సరే, ఇది చదవడం ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళు, సీటీ స్కాన్ తీస్తారు. పెద్దవాళ్ళకి తలలోపల రక్తం మెల్లగా చేరి కొన్ని రోజులకి గానీ బయటపడకపోవచ్చు. తల తగల్లేదంటే, గుండె డాక్టరుకి ఇప్పుడే ఫోన్ చేసి నాలుగు రోజులు మానేశాడని దాచకుండా చెప్పి, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో అడిగి, అప్పుడు కూర్చుని మిగతాది చదువు.

మీ నాన్న నాకు తమ్ముడు. వాడి మొండితనం నాకు తెలుసు. కానీ ఈ విషయంలో వాడిది మొండితనం కాదు, భయం. ఆ భయం నేనూ పడ్డాను కాబట్టే ఇంత రాస్తున్నాను.

ఈసీజీ చూసి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు కదా. గుండె పై గదులు ఒక లయలో ముడుచుకోకుండా ఊరికే వణుకుతుంటాయి. ఎడమ పై గదికి చిన్న సంచిలాంటిది ఒకటి ఉంటుంది, రక్తం అందులో కదలకుండా నిలిచిపోతుంది. తోడు వేసిన పాలు కదపకుండా ఉంచితేనే కదా గట్టిగా పేరుకునేది, అలాగే అక్కడ రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊడి నేరుగా మెదడుకి వెళ్తే పక్షవాతం. గుండె లయ బాగున్న వాళ్ళతో పోలిస్తే ఇలాంటి వాళ్ళకి పక్షవాతం ముప్పు దాదాపు 5 రెట్లు. డాక్టర్లు దీనికి మార్కులు వేస్తారు. 75 దాటితే 2, బీపీకి 1, షుగరుకి 1, ఇదివరకే పక్షవాతం వచ్చి ఉంటే ఇంకో 2. మగవాళ్ళకి మొత్తం 2 వచ్చిందంటే మాత్ర వాడమంటారు. మీ నాన్నకి 76, బీపీ ఉంది, షుగర్ ఉంది. నువ్వే కూడి చూడు.

ఇప్పుడు మీ మావయ్య సంగతి. నీకు పైపైన తెలుసు, మొత్తం ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకి అప్పట్లో అసిట్రోమ్ అని, రక్తం గడ్డకట్టకుండా చూసే పాత రకం మాత్ర ఇచ్చేవారు. సోమ, బుధ, శుక్రవారాల్లో 2 మిల్లీగ్రాములు, మిగతా రోజుల్లో 3. గోడ క్యాలెండర్ మీద ఏ రోజు ఎంత వేశామో పెన్సిల్‌తో రాసుకునేదాన్ని. నెలకోసారి ఐఎన్ఆర్ పరీక్ష, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసేది, అది 2కీ 3కీ మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ భయం, ఎక్కువైతే రక్తం కారే భయం. ఇలా నాలుగేళ్ళు బాగానే జరిగింది. 2016లో ఒక దవడ పన్ను తీయించాల్సి వచ్చింది. రక్తం ఆగదేమోనని మాకు మేమే అనుకుని, ఎవర్నీ అడగకుండా, ముందు నాలుగు రోజులు, తర్వాత అయిదు రోజులు మాత్ర ఆపేశాం. పన్ను బ్రహ్మాండంగా మానింది. తొమ్మిదో రోజు పొద్దున సీతమ్మధార ఇంట్లో వరండాలో కాఫీ ఇచ్చాను. స్టీలు గ్లాసు ఆయన చేతిలోంచి జారి చాప మీద పడింది. ఆయన దాని వంక చూసి, నా వంక చూసి నవ్వబోయారు. నవ్వు ఒక పక్కకే వచ్చింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు కదులుతుంది బుజ్జీ.

వెంటనే తీసుకెళ్ళాం కాబట్టి మనిషి దక్కాడు, మాట కూడా వచ్చింది. కుడిచేతి రాత మాత్రం తిరిగి రాలేదు. ఆసుపత్రిలో ఐఎన్ఆర్ చూస్తే 1.1, అంటే మందు లేనట్టే. తర్వాత తెలిసిందేంటంటే, ఒక్క పన్ను తీయడానికి చాలామందికి మాత్ర ఆపాల్సిన పనే ఉండదట, ముందుగా చెబితే అక్కడే దూది ఒత్తి, కుట్టు వేసి, జాగ్రత్తలు తీసుకుంటారట. కాటరాక్ట్ ఆపరేషన్‌కీ అంతే, సాధారణంగా ఆపరు. పెద్ద ఆపరేషన్ అయితే ఎన్ని రోజుల ముందు ఆపాలో, ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలో మందు రాసిన డాక్టరే చెప్పాలి. మనం కాదు, మెడికల్ షాపు కుర్రాడు కాదు, ఎదురు ఫ్లాట్ ఆయన అసలే కాదు.

చేతి మీద మచ్చ కంటికి కనిపిస్తుంది, రోజూ చూసుకుని బెంగపెట్టుకుంటాం. మాత్ర వల్ల రాకుండా పోయిన పక్షవాతం ఎవరికీ కనిపించదు. అందుకే అందరూ మచ్చ వైపే మాట్లాడతారు.

ఎకోస్ప్రిన్ సంగతి గట్టిగా చెప్పాలి. ఈ జబ్బులో పక్షవాతాన్ని ఆపడానికి ఆస్పిరిన్ చాలా తక్కువ పనిచేస్తుంది. ఇంగ్లండులో 75 దాటిన వాళ్ళ మీదే పరిశోధన చేసి 2007లో ఫలితాలు ఇచ్చారు. గడ్డలవల్ల వచ్చే ప్రమాదాలూ, పెద్ద పక్షవాతాలూ కలిపి ఆస్పిరిన్ వాడిన వాళ్ళలో ఏడాదికి నూటికి 3.8 మందికి వస్తే అసిట్రోమ్ లాంటిదే అయిన వార్ఫరిన్ వాడిన వాళ్ళలో 1.8. రక్తస్రావం ఎక్కువేమీ కాలేదు. నాన్న వేసుకునే ఎపిక్సబాన్‌ని ఆస్పిరిన్‌తో పోల్చి చూసిన పరిశోధన 2011లో వచ్చింది. అందులో పక్షవాతాలు సగానికి పైగా తగ్గాయి, పెద్ద రక్తస్రావాలు మాత్రం రెండు వైపులా దాదాపు ఒకేలా ఉన్నాయి. అంటే ఎకోస్ప్రిన్‌కి మారితే రక్తం కారే భయం పెద్దగా తగ్గదు, పక్షవాతం భయం మాత్రం తిరిగొస్తుంది. గుండెకి స్టెంట్ వేసిన వాళ్ళకి కొన్నాళ్ళు రెండూ ఇస్తారు, అది వేరే లెక్క. నాన్నకి స్టెంట్ లేదు. రెండూ కలిపి తనంతట తాను వేసుకుంటే మటుకు రక్తం నిజంగానే కారుతుంది.

పడిపోతాడని భయమా? దీని మీద 1999లో ఒక లెక్క వేశారు. ఏడాదికి సుమారు 295 సార్లు పడితే గానీ, తలలో రక్తస్రావం భయం వార్ఫరిన్ చేసే మేలుని మించదని తేల్చారు. పడొద్దనే చూడాలి, కానీ మాత్ర ఆపి కాదు. బాత్రూంలో గోడకి పట్టుకునే కడ్డీ పెట్టించు, జారని చాప వేయించు, రాత్రి చిన్న లైటు వెలగనివ్వు, నున్నగా అరిగిపోయిన ఆ హవాయి చెప్పులు పారేయించు.

అసలు రక్తస్రావం ఎక్కువ చేసేవి వేరే ఉన్నాయి, వాటిని పట్టుకో. మోకాలి నొప్పికి వాడు షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఇంట్లో ఉంచకు. కడుపులో పుండు పడి, ఈ మాత్ర కూడా తోడైతే ప్రమాదం. నొప్పికి పారాసిటమాల్, అదీ డాక్టరు చెప్పిన లెక్కలో. బీపీ అదుపులో ఉండాలి, ఇది అన్నిటికంటే ముఖ్యం. చిగుళ్ళకి మెత్తటి బ్రష్ ఇచ్చి, పళ్ళ డాక్టరు దగ్గర ఒకసారి క్లీనింగ్ చేయించు. ముక్కు నుంచి రక్తం వస్తే తల వెనక్కి వాల్చకూడదు, ముందుకి వంచి ముక్కు మెత్తటి భాగాన్ని పది, పదిహేను నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోవాలి. అప్పటికీ ఆగకపోయినా, మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రం ఎర్రగా వచ్చినా, ఎన్నడూ లేని తలనొప్పి వచ్చినా ఆలోచించకుండా ఆసుపత్రికే.

డోసు గురించి అడిగావు. ఎపిక్సబాన్ మామూలుగా రోజుకి రెండుసార్లు 5 మిల్లీగ్రాములు. వయసు 80 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండటం, బరువు 60 కిలోలు గానీ అంతకన్నా తక్కువ గానీ ఉండటం, కిడ్నీ పరీక్షలో చూసే క్రియాటినిన్ 1.5 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండటం, ఈ మూడింటిలో రెండు ఉంటేనే 2.5కి తగ్గిస్తారు. "పెద్దాయన కదా, సగం వేసుకోండి" అని ఎవరన్నా వినకు, సగం మాత్రతో కాపుదల తగ్గిపోవచ్చు. కిడ్నీ పరీక్ష ఆరు నెలలకోసారి చేయించు, విరేచనాలో జ్వరమో వచ్చి బాగా నీరసపడితే ఇంకా ముందే. ఈ మందు ఒంట్లో నిలిచేది కొన్ని గంటలే, పూట తప్పితే కాపుదల తప్పినట్టే. మరిచిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేయొచ్చు, రెండు కలిపి మాత్రం వేయకూడదు.

ఆకుకూరలు మానేయాలా అన్నావు. నాన్న మాత్రకి ఆ పట్టింపు లేదు, గోంగూర హాయిగా తిననివ్వు. అసిట్రోమ్, వార్ఫరిన్ వాడేవాళ్ళు కూడా మానక్కర్లేదు, వారం వారం ఒకే మోతాదులో తింటే చాలు. ఎవరో చెప్పారని మీ మావయ్యకి ఏడాది పాటు తోటకూర, గోంగూర పెట్టకుండా నోరు కట్టేశాను, ఎంవీపీ రైతుబజారులో కట్టలు చూస్తూ వచ్చేసేదాన్ని, ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది. ఇంకో మాట, చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి మైట్రల్ వాల్వు బాగా ముడుచుకుపోయిన వాళ్ళకీ, లోహపు వాల్వు వేసిన వాళ్ళకీ ఎపిక్సబాన్ లాంటి ఈ కొత్త మాత్రలు పనికిరావు, వాళ్ళు పాతవే వాడాలి. మీ అత్తగారికి వాల్వు మార్చారు కదా, ఇద్దరి డబ్బాలూ ఒకే చోట పెట్టకు.

మాత్రలు ఎప్పుడూ పదిహేను రోజులకి సరిపడా అదనంగా ఉంచు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా ఇంట్లో అయిదు మాత్రలే ఉన్నాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, వీధి నిండా చెట్లు, తెరిచిన షాపు లేదు. ఆ టెన్షన్ నువ్వు పడొద్దు.

మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, ఈ మూడింటిలో ఏది కనిపించినా 108కి చెయ్యి, ఆఖరిసారి బాగున్నది ఎన్ని గంటలకో గుర్తుపెట్టుకో, నాన్న వేసుకునే మాత్ర పేరూ చివరిసారి వేసుకున్న టైమూ వాళ్ళకి చెప్పు. ఒక కాగితం మీద రాసి నాన్న జేబులో పెట్టు.

డాక్టరు ఏమన్నారో నాకు మెసేజ్ పెట్టు. రాత్రి 8 గంటలకి ఫోన్ చేస్తాను, నువ్వు కాదు, వాణ్ణే ఎత్తమను. ఆ గ్లాసు సంగతి వాడికి నేనే చెబుతాను.

మీ అత్త