కథలోని యంత్రం, కార్ఖానాలోని యంత్రం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి విశాఖపట్నం నుంచి వచ్చిన ఉత్తరాలలో చాలావాటిని ఒకే సందేహం నడిపించింది. విజ్ఞాన కల్పనా కథలు రాసినవారు రాబోయే యంత్రాలను ముందుగానే చూడగలిగారా, లేక ఆ కథలు చదివి పెరిగినవారే పట్టుబట్టి ఆ యంత్రాలను తయారుచేశారా? ఈ రెంటిలో రెండవదే నిజానికి దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం. ఎందుకలా అనుకుంటున్నానో కింది జవాబులలో వివరించే ప్రయత్నం చేశాను.

ప్రశ్న: 1957లో వచ్చిన ‘మాయాబజార్’ చిత్రంలో శశిరేఖ ప్రియదర్శిని పెట్టె తెరిచి, ఎక్కడో ఉన్న అభిమన్యుణ్ణి చూస్తుంది. దుబాయిలో ఉన్న మా అబ్బాయిని మేము రోజూ ఫోనులో చూస్తున్నది కూడా అలాగే కదా! వీడియో కాల్‌ను మనవాళ్లు ముందే కనిపెట్టారని చెప్పవచ్చా? (గాజువాక నుంచి ఒక పాఠకుడు)

కోరికను మనవాళ్లు ఎంతో అందంగా చెప్పారు. ఉపాయం మాత్రం చెప్పలేదు, చెప్పవలసిన అవసరం కూడా ఆ కథకు లేదు. దూరాన ఉన్న ఆత్మీయులను కళ్లారా చూడాలన్న కోరిక మనిషితో పాటే పుట్టింది కనుక, అది ప్రతి దేశపు కథలలోనూ ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. ఆ కోరిక తీరే మార్గాన్ని, తన కాలానికి తెలిసిన శాస్త్రం ఆధారంగా, కొంతదూరమైనా వివరించినప్పుడే దానిని విజ్ఞాన కల్పన అంటాము.

కథకుడు ఉపాయం కూడా చెప్పిన సందర్భం ఒకటి ఉంది. ఆర్థర్ సి. క్లార్క్ 1945 అక్టోబరులో ‘వైర్‌లెస్ వరల్డ్’ అనే బ్రిటిష్ పత్రికలో, భూమధ్యరేఖకు ఎగువన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహం నేల మీది నుంచి చూసేవారికి కదలకుండా ఒకేచోట ఉన్నట్లు కనిపిస్తుందనీ, అటువంటివి మూడు ఉంటే దాదాపు ప్రపంచమంతటికీ ప్రసారాలు అందించవచ్చుననీ లెక్కలతో సహా రాశారు. అది కథ కాదు, వ్యాసం. పందొమ్మిదేళ్లు తిరగకముందే, 1964లో, సింకామ్-3 అనే ఉపగ్రహం ఆ కక్ష్యలో నిలిచింది. 1975-76లో మన దేశంలోని 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టెలివిజన్ పాఠాలు అందించిన ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా ఉన్నాయి. అయితే క్లార్క్ ఊహించిన ఉపగ్రహాలలో మనుషులు కాపురం ఉంటారు! వాల్వులతో, అంటే తరచూ మాడిపోయే గాజు గొట్టాలతో, పనిచేసే ఆనాటి రేడియో పరికరాలను కనిపెట్టుకుని ఉండటానికి పైన ఎవరో ఒకరు ఉండక తప్పదని ఆయన అనుకున్నారు. రెండేళ్ల తరువాత, 1947లో, ట్రాన్సిస్టర్ వచ్చి ఆ అవసరాన్ని తీసివేసింది. కక్ష్యను అంత కచ్చితంగా లెక్క కట్టిన మనిషికి కూడా పక్క గదిలో పుట్టబోయే చిన్న పరికరం కనిపించలేదు. ఇంకొక మాట కూడా చెప్పాలి. మీ అబ్బాయి ముఖం మీ ఇంటికి వస్తున్నది చాలావరకు ఆకాశం గుండా కాదు, సముద్రం అడుగున పరిచిన గాజు తీగల కేబుళ్ల గుండా.

ప్రశ్న: మా పాపను ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి చూపించడానికి తీసుకువెళ్లాను. లోపలి నుంచి బయటికి వచ్చాక, దీనిని మొదట కథలో రాశారా, మొదట తయారుచేశారా అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. (ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక తండ్రి)

మొదట తయారుచేశారు, తరువాత రాశారు, ఆ రాసినది చదివి మళ్లీ తయారుచేశారు. పాపకు ఈ మూడు మాటలూ ఈ వరుసలోనే చెప్పండి, ఎందుకంటే అసలు విషయమంతా ఆ వరుసలోనే ఉంది.

ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ సముద్రగర్భ యాత్ర నవల 1869-70లో ధారావాహికగా వెలువడింది. అప్పటికే ఫ్రెంచి నౌకాదళం 1863లో ‘ప్లాంజర్’ అనే జలాంతర్గామిని నీటిలోకి దించింది. అది అణచిపెట్టిన గాలి శక్తితో నడిచేది, ఎంతో దూరం పోలేకపోయేది. దాని నమూనాను 1867 నాటి ప్యారిస్ ప్రదర్శనలో వెర్న్ చూశారు. ఆయన చేసినదల్లా, ఆ నమూనాలోని లోపాలన్నీ తీరిపోతే ఎలా ఉంటుందా అని నిజాయతీగా ఆలోచించడం. నాటిలస్ అని పేరు పెట్టి, 70 మీటర్ల పొడవు ఇచ్చి, పూర్తిగా విద్యుత్తుతో నడిపించి, ఆ విద్యుత్తుకు కావలసిన సోడియంను సముద్రపు నీటి నుంచే తీసుకుంటున్నట్లు రాశారు. అమెరికాలో సైమన్ లేక్ అనే కుర్రవాడు ఆ పుస్తకం చదివి, తన జీవితానికి దారి చూపినవాడు వెర్నేనని తరువాత తన ఆత్మకథలో రాసుకునేంతగా ప్రభావితుడయ్యాడు. 1898లో అతడు తయారుచేసిన ‘ఆర్గోనాట్’ సముద్రంలో ప్రయాణం చేసినప్పుడు, వృద్ధుడైన వెర్న్ స్వయంగా అభినందన తంతి పంపారు. ఒక రచయితకు ఇంతకంటె గొప్ప సన్మానం మరొకటి ఉంటుందని నేను అనుకోను.

కురుసుర లోపల మీరు చూసిన బ్యాటరీ గదులను గుర్తుచేసుకోండి. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరిన ఆ జలాంతర్గామి పొడవు 91 మీటర్లు. డీజిల్ ఇంజన్లతో బ్యాటరీలను నింపుకుని, నీటి అడుగున ఆ బ్యాటరీలతో నడిచేది. డీజిల్ ఇంజనుకు గాలి కావాలి కనుక, ఎంత గొప్ప నావికులకైనా నిర్ణీత వ్యవధిలో నీటిపైకి చేరక తప్పేది కాదు. వెర్న్ నావికుడు కెప్టెన్ నీమోకూ ఇదే బాధ ఉంది. దక్షిణ ధ్రువం దగ్గర మంచు కింద చిక్కుకుని, గాలి అందక లోపలివారు ప్రాణాలు పోగొట్టుకోబోయిన ఘట్టం ఆ నవలకంతటికీ గుండెకాయ వంటిది. ఈ సమస్యకు జవాబు అణుశక్తితో గాని దొరకలేదు. 1954లో అమెరికా జలప్రవేశం చేయించిన మొదటి అణు జలాంతర్గామి పేరు కూడా నాటిలస్సే, అది 1958లో ఉత్తర ధ్రువపు మంచు కిందుగా ప్రయాణించింది. మన దేశపు మొదటి అణు జలాంతర్గామి అరిహంత్ 2009 జూలై 26న జలప్రవేశం చేసినది మన విశాఖలోనే.

పాపకు తప్పకుండా చెప్పవలసినది మరొకటి ఉంది. కెప్టెన్ నీమో ఎవరో వెర్న్ మొదటి నవలలో చెప్పలేదు. తరువాతి నవల ‘మిస్టీరియస్ ఐలాండ్’లో, అతడు బుందేల్‌ఖండ్‌కు చెందిన డక్కర్ అనే రాజకుమారుడనీ, 1857 తిరుగుబాటులో పాల్గొని సర్వస్వం కోల్పోయి సముద్రాన్ని ఆశ్రయించాడనీ వెల్లడించారు. ప్రపంచ సాహిత్యంలో అత్యంత ప్రసిద్ధమైన జలాంతర్గామికి అధిపతి భారతీయుడు. ఈ సంగతి తెలిసిన పిల్లలు కురుసుర మెట్లు ఎక్కేటప్పుడు కలిగే ఉత్సాహం వేరుగా ఉంటుంది.

ప్రశ్న: హెచ్. జి. వెల్స్ అణుబాంబు గురించి ముందే రాశారని మా అధ్యాపకులు చెప్పారు. అది యాదృచ్ఛికమా? ఒక కథ వల్ల అంతటి విధ్వంసం జరిగితే రచయితకు బాధ్యత ఉండదా? (ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి భౌతికశాస్త్ర విద్యార్థి)

యాదృచ్ఛికం కాదు. రేడియోధార్మికతపై పరిశోధన చేసిన ఫ్రెడరిక్ సాడీ, రేడియం గురించి సామాన్యులకు అర్థమయ్యే పుస్తకం ఒకటి 1909లో ప్రచురించారు. పరమాణువులో బంధించి ఉన్న శక్తి ఎంతటిదో అందులో చదివిన వెల్స్, 1914లో వెలువడిన ‘ది వరల్డ్ సెట్ ఫ్రీ’ నవలను ఆ పుస్తకానికే అంకితమిచ్చి, అందులో ‘అటామిక్ బాంబు’ అనే మాటను వాడారు. ఆ బాంబును విమానంలో నుంచి చేతితో కిందికి విసురుతారు, అది రోజుల తరబడి పేలుతూనే ఉంటుంది. వివరాలు తప్పు, భయం మాత్రం నిజం.

హంగరీకి చెందిన భౌతికశాస్త్రజ్ఞుడు లియో సిలార్డ్ ఆ నవలను 1932లో చదివారు. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో, పరమాణువు నుంచి శక్తిని రాబట్టవచ్చుననడం వట్టి మాట అని ప్రసిద్ధ పరమాణు శాస్త్రజ్ఞుడు రూథర్‌ఫర్డ్ చేసిన ప్రసంగాన్ని పత్రికలో చూసి మనసు మండి, లండన్ వీధిలో నడుస్తూ ఆలోచిస్తూ ఉండగా, ఒక న్యూట్రాన్ రెండు న్యూట్రాన్లను విడుదల చేయగల మూలకం దొరికితే శృంఖల చర్య, అంటే ఒక పరమాణువు చీలిక మరికొన్నింటిని చీలుస్తూ పోయే గొలుసుకట్టు చర్య, సాధ్యమేనన్న ఆలోచన ఆయనకు స్ఫురించింది. దానిపై పేటెంటుకు దరఖాస్తు చేసి, అది రహస్యంగా ఉండాలన్న ఉద్దేశంతో బ్రిటిష్ నౌకాదళ శాఖ పేర రాసి ఇచ్చారు. ఆయన అలా దాచిపెట్టడానికి కారణం వెల్స్ నవలే. ఆ ఆలోచన బయటపడితే ఏమి జరుగుతుందో నవల ద్వారా తనకు తెలుసునని ఆయనే చెప్పారు.

మీ ప్రశ్నకు నా జవాబు ఇక్కడే ఉన్నది. నవల సిలార్డ్‌కు సూత్రాన్ని అందించలేదు, ఆ సూత్రం 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ను కనుగొన్న తరువాత గాని సాధ్యం కాదు. నవల ఆయనకు పర్యవసానాన్ని చూపింది. అణుబాంబు హిట్లర్ చేతికి ముందుగా చిక్కుతుందన్న భయంతో 1939లో ఐన్‌స్టీన్ సంతకంతో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు లేఖ వెళ్లేలా చేసినదీ ఆయనే. 1945 జూలైలో జపాన్ నగరాలపై బాంబును ప్రయోగించవద్దని తోటి శాస్త్రజ్ఞుల సంతకాలు సేకరించినదీ ఆయనే. హెచ్చరిక విన్న మనిషి కూడా యుద్ధకాలంలో ఎంత నలిగిపోతాడో ఆ జీవితం చెబుతుంది. వెల్స్‌ను నేను తప్పుపట్టలేను. ప్రయోగశాలలో పనిచేయబోతున్న మీరు ఆ నవలను పాఠ్యగ్రంథాలతో పాటు చదవాలని మాత్రం గట్టిగా కోరుకుంటున్నాను.

ప్రశ్న: ‘రోబో’ అనే మాట ఎక్కడిది? (సీతమ్మధార నుంచి ఒక పాఠకురాలు)

చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రచురించిన నాటకం నుంచి. ఆయన అన్న జోసెఫ్ సూచించిన ఆ మాటకు మూలమైన ‘రోబొత’కు అర్థం మన వెట్టిచాకిరీయే. భూస్వామి పొలంలో కూలి లేకుండా చేయవలసిన పని అది. వెట్టి అంటే ఏమిటో తాతల నోట విన్న తెలుగువారికి, యజమానులపై ఆ కృత్రిమ మనుషులు ఎందుకు తిరగబడ్డారో వేరే వివరించవలసిన పని లేదు.

ప్రశ్న: హుద్‌హుద్ వచ్చినప్పుడు మా తీరంలో పడవలూ ఇళ్లూ పోయాయి. కథలలో తుఫానులను ఆపుతారు కదా, నిజంగా ఎందుకు ఆపలేకపోతున్నారు? (భీమునిపట్నం నుంచి ఒక ఉపాధ్యాయుడు)

2014 అక్టోబరు 12ను ఈ జిల్లాలో మరచినవారు లేరు. మీ ప్రశ్నకు సరిగ్గా సరిపోయే కథను ఒక శాస్త్రజ్ఞుడే రాశారు. 1896లో జగదీశ్ చంద్ర బోస్, ఒక తలనూనె కంపెనీ నిర్వహించిన పోటీకి పంపిన బెంగాలీ కథలో, కలకత్తాను ముంచుతుందనుకున్న తుఫాను రాకుండా పోతుంది. ఓడలో ప్రయాణిస్తున్న ఒకాయన సీసాడు తలనూనెను సముద్రంలో పోయడమే దానికి కారణం. నూనె పొర చిన్న అలలను అణచివేస్తుందన్నది నిజం, నావికులకు పూర్వం నుంచీ తెలిసినదే. తుఫాను మాత్రం అలల నుంచి పుట్టదు. వెచ్చని సముద్రం నుంచి ఆవిరై లేచిన తేమ పైన చల్లబడి నీరుగా మారేటప్పుడు విడుదల చేసే వేడి దానికి ఆహారం. అంతటి శక్తి ముందు మన ప్రయత్నాలు నిలవవు. నీటి మీద పలుచని పొర పరిచి ఆవిరిని ఆపాలన్న ఆలోచన తరువాత శాస్త్రజ్ఞులకూ వచ్చింది గాని, పెద్ద అలలు ఆ పొరను చింపివేస్తాయి.

అమెరికా ప్రభుత్వం 1962 నుంచి 1983 వరకు ‘స్టార్మ్‌ఫ్యూరీ’ అనే పథకం కింద, తుఫాను మేఘాలలో సిల్వర్ అయొడైడ్ చల్లి గాలి వేగాన్ని తగ్గించాలని ప్రయత్నించింది. గాలి తగ్గినట్లు కనిపించినప్పటికీ, తుఫానులు తమంతట తామే అలా బలహీనపడి మళ్లీ పుంజుకుంటాయని తరువాత తేలింది. ఆ కోరిక తీరలేదు. కాని ఆ విమానాలు తుఫాను గర్భంలోకి వెళ్లి తెచ్చిన కొలతలు తుఫాను స్వభావాన్ని అర్థం చేసుకోవడానికి ఎంతో పనికివచ్చాయి. హుద్‌హుద్ ఎక్కడ తీరం దాటుతుందో ముందుగా తెలిసి లక్షలాది మందిని తరలించగలిగామంటే, తుఫానులను దశాబ్దాల పాటు కొలిచి చూసిన ఇటువంటి శ్రమే దానికి పునాది.

ప్రశ్న: నాకు తెలుగులో విజ్ఞాన కల్పన రాయాలని ఉంది. ఇంజనీరింగ్ చదవలేదు కనుక రాయలేవని స్నేహితులు అంటున్నారు. (మద్దిలపాలెం నుంచి డిగ్రీ విద్యార్థిని)

బడికి వెళ్లే అవకాశమే దొరకని బెంగాలీ రచయిత్రి రొకేయా సఖావత్ హుస్సేన్, 1905లో మద్రాసు నుంచి వెలువడే ఒక మహిళా పత్రికలో ‘సుల్తానాస్ డ్రీమ్’ అనే ఆంగ్ల కథను ప్రచురించారు. ఆ కథలోని దేశంలో స్త్రీలు సూర్యుని వేడితో వంట చేసుకుంటారు, విద్యుత్తుతో పొలం దున్నుతారు, మేఘాల నుంచి నేరుగా నీరు తీసుకుంటారు. ఈ పరికరాలను కనిపెట్టినవి మహిళా విశ్వవిద్యాలయాలని ఆమె రాశారు. సౌరశక్తిని ముందే ఊహించారని ఆమెను నేడు మెచ్చుకుంటున్నారు గాని, నా దృష్టిలో ఆ కథలోని అసలు ఆవిష్కరణ ఆ విశ్వవిద్యాలయమే. దానిని ఆమె కథలో వదిలిపెట్టలేదు, 1911లో కలకత్తాలో బాలికల పాఠశాల ప్రారంభించారు.

కాబట్టి యంత్రం ఎలా పనిచేస్తుందన్న దిగులు కొంత పక్కన పెట్టి, అది వచ్చిన రోజున మీ వీధిలో ఎవరి పని తేలికవుతుందో, ఎవరి కూలి పోతుందో రాయండి. ఫిషింగ్ హార్బరులో తెల్లవారుజామున చేపల వేలం జరిగేచోట ఒక గంట నిలబడి, ఇరవై ఏళ్ల తరువాత అక్కడ ఎవరు ఉంటారో ఊహించండి. శాస్త్ర విషయంలో సందేహం వస్తే విశ్వవిద్యాలయంలో అడగడానికి మొహమాటపడకండి, వెల్స్ కూడా సాడీని చదివిన తరువాతనే రాశారు. కథ పూర్తయ్యాక మాకు పంపండి.