కబడ్డీ ఆడిన రెండో రోజు రక్తపరీక్ష: నలిగింది కాలేయమా, కండరమా?

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు. కబడ్డీలో రైడర్. సంక్రాంతి పోటీల్లో మూడు రోజుల్లో ఆరు మ్యాచ్‌లు ఆడాడు. ఆదివారం రాత్రి ఫైనల్ అయింది. ఉద్యోగం మెడికల్ కోసం మంగళవారం పొద్దున రక్తం ఇచ్చాడు. ఎస్‌జీఓటీ 168, ఎస్‌జీపీటీ 82 వచ్చాయి. బిలిరుబిన్ 0.8, జీజీటీ 21, క్రియాటినిన్ 1.3. మందు ముట్టడు. లివర్ చెడిందని, పసరు పోయించమని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, నిజామాబాద్ జిల్లా

జవాబు: పసరు పోయించకండి. బిలిరుబిన్ 0.8 ఉన్నవాడికి కామెర్లు లేనట్టే. ఏం కలిపారో తెలియని పసరుతో బాగున్న కాలేయమే దెబ్బతినవచ్చు.

ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీలను లివర్ ఎంజైములు అనడం అలవాటైపోయింది గానీ, అవి కండరాల్లోనూ ఉంటాయి. ఎస్‌జీఓటీ అయితే మరీ ఎక్కువ. కూతకు వెళ్లినవాడు పట్టు విడిపించుకోవడానికి గీత వైపు గుంజుకుంటాడు, అవతలివాళ్లు కాళ్లూ నడుమూ పట్టి వెనక్కి లాగుతారు. అలా సాగుతూనే బిగుసుకోవాల్సి వచ్చినప్పుడే కండరం ఎక్కువగా నలుగుతుంది. పడిపోవడాలు, మోకాలి దెబ్బలు దానికి తోడు. కణాల పొర చిట్లి లోపలి ఎంజైములు రక్తంలోకి కారతాయి. ఆరు మ్యాచ్‌ల తర్వాత ఇది జరగకపోతేనే వింత.

మీ రిపోర్టులో అసలు సంగతి చెబుతున్నది జీజీటీ. ఇదీ కాలేయ ఎంజైమే గానీ, కండరం నుంచి రాదు. మద్యం వల్ల కూడా ఎస్‌జీఓటీ ఇలాగే ఎస్‌జీపీటీకి రెట్టింపు ఉంటుంది కాబట్టి డాక్టర్లు తాగుడు గురించి అడుగుతారు. కానీ అలాంటివారిలో సాధారణంగా జీజీటీ కూడా పెరిగి కనిపిస్తుంది. మీవాడికి 21 మాత్రమే.

ఇక్కడ ఇంకో తికమక ఉంది. రక్తంలో ఎస్‌జీఓటీ సగానికి తగ్గడానికి సుమారు 17 గంటలు చాలు, ఎస్‌జీపీటీకి దాదాపు రెండు రోజులు పడుతుంది. అందుకే ఐదారు రోజులకు మళ్లీ పరీక్ష చేస్తే ఎస్‌జీపీటీనే పైన కనిపించి, చూసినవాళ్లు ఫ్యాటీ లివర్ అని పొరబడవచ్చు.

తేల్చుకోవడానికి కావలసింది సీపీకే, అంటే కండరం నలిగితే రక్తంలో పెరిగే ఎంజైము పరీక్ష. మామూలు మనిషికి ఇది సుమారు 200 యూనిట్ల లోపు ఉంటుంది. ఇంత గట్టిగా ఆడిన కుర్రాడికి వెయ్యి, రెండు వేలు వచ్చినా ఆశ్చర్యం లేదు. ఆట ముగిశాక ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉండి, వారానికి అటూ ఇటూగా దిగుతుంది. మీవాడు రక్తం ఇచ్చింది సరిగ్గా ఆ మధ్యలోనే. ల్యాబ్‌లో నమూనా ఇంకా ఉంటే దానిలోనే సీపీకే చేయగలరేమో అడగండి.

ఇక 10 రోజులు మ్యాచ్, జిమ్, పరుగు అన్నీ ఆపించండి. నడక పర్వాలేదు. ఆ తర్వాత మళ్లీ పరీక్ష చేయించాలి. దానికి ముందు రోజు మాంసం వద్దు, ఉడికిన మాంసం కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్‌ను పెంచుతుంది. క్రియాటిన్ పొడి వాడుతుంటే ఇప్పుడే మానేయాలి. నీళ్లు ఎప్పటిలాగే తాగాలి. ల్యాబ్‌కు వెళ్లగానే చెయ్యి చాపకుండా 15 నిమిషాలు కూర్చోవాలి. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, జీజీటీ, సీపీకే, క్రియాటినిన్, మూత్రపరీక్ష చేయించండి. కండ పట్టిన శరీరానికి క్రియాటినిన్ 1.3 పెద్ద విషయం కాదు. అప్పటికీ అలాగే ఉంటే సిస్టాటిన్-సి చేయిస్తే కండరం ప్రభావం లేకుండా కిడ్నీ సంగతి తెలుస్తుంది.

సీపీకే దిగి ఎస్‌జీపీటీ దిగకపోతే అప్పుడు కాలేయాన్ని అనుమానించాలి: హెపటైటిస్ బి, సి పరీక్షలు, అల్ట్రాసౌండ్. రెండు వారాల విశ్రాంతి తర్వాత కూడా సీపీకే బాగా పైనే ఉంటే కండరంలోనే జబ్బుందేమో తేల్చుకోవడానికి థైరాయిడ్ చూసి, న్యూరాలజిస్టును కలవాలి.

మెడికల్ అధికారికి చివరి మ్యాచ్ తేదీ, సమయం రాసిచ్చి రీటెస్ట్ కోరండి. ‘పరగడుపునే వచ్చావా’ అని అడిగే ప్రతి ల్యాబ్ ‘చివరిసారి ఎప్పుడు ఆడావు’ అని కూడా అడగాలి. ఆ ఒక్క మాట అడగక ఎందరో పిల్లలు లేని జబ్బు మోస్తున్నారు.

ప్రశ్న: మా హాస్టల్ ఖో-ఖో జట్టులో ఇద్దరు 16 ఏళ్ల అమ్మాయిలు. ఒకరికి హిమోగ్లోబిన్ 11.8, ఫెరిటిన్ 48. ఇంకొకరికి 11.2, ఫెరిటిన్ 11. ఆడేవాళ్లకు రక్తం పలచబడటం మామూలే అంటున్నారు. వదిలేయవచ్చా?
– ఒక పీఈటీ, కర్నూలు

జవాబు: ఇద్దరినీ ఒకే గాటన కట్టకండి మేడమ్. సాధన పెరిగిన కొద్ది రోజుల్లోనే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది. ఎర్రకణాలు తగ్గకపోయినా హిమోగ్లోబిన్ అంకె కాస్త దిగుతుంది. మొదటి అమ్మాయిది అదే కావచ్చు. కానీ గట్టి ఆట మర్నాడు, ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. రెండు మూడు రోజులు విశ్రాంతినిచ్చి, ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీతో కలిపి మళ్లీ చేయించండి.

రెండో అమ్మాయికి నిజంగానే ఐరన్ లేదు. నెలసరి రక్తస్రావం ఎక్కువేమో, నులిపురుగులున్నాయేమో డాక్టరుకు చూపించి, మోతాదు ఆయన చెప్పినట్టే వాడాలి. వేళ మాత్రం మీరు చూసుకోండి. కఠిన సాధన తర్వాత 3 నుంచి 6 గంటల మధ్య హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి పేగుల్లో ఐరన్ దారి మూసేస్తుంది. కాబట్టి పొద్దున సాధనకు ముందో, ముగిసిన అరగంటలోపో మాత్ర వేయాలి. దానితో టీ, పాలు వద్దు, నిమ్మరసం మంచిది. మలం నల్లగా వస్తుంది, భయపడవద్దని ముందే చెప్పండి. హిమోగ్లోబిన్ సరైపోగానే ఆపితే నిల్వలు నిండవు. ఇంకో మూడు నెలలు కొనసాగించాల్సి ఉంటుంది.

ప్రశ్న: ఫుట్‌బాల్ క్యాంపు మొదటి రోజు బాగా పరిగెత్తించారు. మర్నాడు తొడలు కదపలేకపోయాను, మూత్రం కాఫీ రంగులో వచ్చింది. రెండు రోజులకు తగ్గింది. మళ్లీ వెళ్లవచ్చా?
– ఒక విద్యార్థి, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: ఇప్పుడే వెళ్లవద్దు బాబూ. అది నలిగిన కండరం నుంచి మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి దిగిన లక్షణం, కిడ్నీలను దెబ్బతీయవచ్చు. తగ్గిపోయినా ఈ వారమే సీపీకే, క్రియాటినిన్, పొటాషియం చేయించుకో. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వేసుకోకు, కిడ్నీలకు అవి ఇంకా చేటు.

ఏజెన్సీ ప్రాంతంలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఎక్కువ కాబట్టి, దాన్ని పట్టిచ్చే హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష కూడా అడుగు. ట్రెయిట్ మాత్రమే ఉంటే, అంటే జబ్బు లేకుండా తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి ఆ జన్యువు వచ్చి ఉంటే, ఆట మానక్కర్లేదు. డాక్టరు సరేనన్నాక, మొదటి వారం నెమ్మదిగా పెంచుకుంటూ, మధ్యమధ్య ఆగుతూ, నీళ్లు తాగుతూ ఆడాలి. కాళ్లలో బలం పోతున్నట్టు అనిపిస్తే కోచ్ ఏమన్నా సరే అక్కడే ఆగిపో. మూత్రం మళ్లీ ఆ రంగులో వస్తే తెల్లారేదాకా చూడకుండా రాత్రికి రాత్రే ఆసుపత్రికి వెళ్లు.