వాణిజ్య భవనంలో విద్యుత్ ఆదా పనులకు రాయితీలు: ముందు ఏం చేయాలి?

మీ కార్యాలయ భవనంలో పాత లైట్లు, ఏసీలు మార్చాలనుకుంటున్నారు, రాయితీ ఎలా వస్తుంది, దేనితో మొదలుపెట్టాలి అని అడిగారు. పెద్ద భవనాల నిర్వహణ చూసే ఉద్యోగంలో ఇలాంటి దరఖాస్తులతో చాలాకాలం కుస్తీ పట్టినవాడిగా చెబుతున్నాను: ఇప్పుడే ఏదీ కొనకండి.

చాలా పథకాల్లో ముందస్తు అనుమతి తప్పనిసరి. కొనుగోలు ఆర్డరు తేదీ అంతకంటే ముందుంటే దరఖాస్తు పక్కకు పోతుంది. పైగా పాత యంత్రాలు ఎంత కరెంటు కాల్చేవో చూపించాల్సింది మీరే. వాటిని విప్పి తుక్కుకు వేశాక కొలవడానికేమీ మిగలదు. కనీసం ఏడాది బిల్లులు, యంత్రాల మీద వివరాలు రాసి ఉండే నేమ్‌ప్లేట్ల ఫొటోలు, రోజుకు ఎన్ని గంటలు నడుస్తాయో రాసిన లాగ్‌బుక్ సిద్ధం చేసుకోండి.

అనుమతి వచ్చాక ముందు లైట్లను ఎల్‌ఈడీకి మార్చండి. వాటి వేడి తగ్గితే గది చల్లబరిచే భారమూ తగ్గుతుంది, ఆ తర్వాత లెక్కగడితే చిన్న ఏసీ యంత్రమే సరిపోవచ్చు. అందరూ పట్టించుకోనివి ఫ్యాన్లు, పంపులు. ఏసీ గాలిని తోసే ఫ్యాను తీసుకునే విద్యుత్తు దాని వేగపు ఘనాన్ని బట్టి మారుతుంది. అంటే వేగం 20 శాతం తగ్గిస్తే వాడకం సిద్ధాంతం ప్రకారం దాదాపు సగానికి దిగుతుంది. వేగాన్ని నియంత్రించే వీఎఫ్‌డీలు పెట్టించినప్పుడు మా ఆపరేటర్లు ఈ మాట నమ్మలేదు, మీటరు చూశాకే ఒప్పుకున్నారు. యజమానులకు మాత్రం కొత్త ఏసీ మీదే మోజు, అది కంటికి కనిపిస్తుంది మరి!

పెట్టుబడి లేకపోతే ఎస్కోలు, అంటే ఇంధన సేవల సంస్థలు, తామే ఖర్చు పెట్టి, ఆదాలో వాటా తీసుకుంటాయి. ఒప్పందంలో ఆదాను ఎలా కొలుస్తారో రాయించండి. ఆదాను కొలిచి నిర్ధారించే అంతర్జాతీయ పద్ధతి ఐపీఎంవీపీ అందుకు బాగా వాడుకలో ఉంది. ఎందుకంటే రెండు అంతస్తులు ఖాళీ అయి బిల్లు తగ్గితే అది ఎస్కో ఘనత కాదు.

కరెంటు బిల్లు అద్దెదారులే కడుతుంటే చిక్కు వేరు: ఖర్చు మీది, లాభం వాళ్లది. అద్దె ఒప్పందం పునరుద్ధరించేటప్పుడే ఆదాలో మీ వాటా తేల్చుకోండి. రాయితీ వచ్చిన మేరకు తరుగుదల (యంత్రాల విలువలో ఏటా తగ్గించి చూపే మొత్తం) లెక్క మారుతుందేమో మీ ఆడిటరును అడగండి.

రాయితీ సాధారణంగా పని పూర్తయి, తనిఖీ ముగిశాకే చేతికి వస్తుంది. అప్పటిదాకా కాంట్రాక్టరుకు చెల్లించే సొమ్ము మీరే సర్దుకోవాలి. బ్యాంకుతో మాట్లాడేటప్పుడు ఆ వ్యవధికి వడ్డీ కూడా కలిపి లెక్కవేయండి.