డాక్టర్ వద్దనుకున్న అమ్మాయికి సీటు ఎక్కడ?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. అమ్మాయి ఇక్కడే పుట్టింది, 11వ తరగతి పూర్తి కావస్తోంది. తొమ్మిదో తరగతి నుంచీ డాక్టరే అవుతానంటూ బీఎస్-ఎండీ (డిగ్రీకీ మెడిసిన్‌కీ కలిపి ఒకే ప్రవేశం) కోసం తయారైంది. ఏపీ (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) బయాలజీ, ఏపీ కెమిస్ట్రీ, ఆసుపత్రిలో 200 గంటల వలంటీర్ పని అన్నీ చేసింది. ఈ ఫిబ్రవరిలో ఉన్నట్టుండి మెకానికల్ ఇంజనీరింగ్ అంటోంది. ఆసుపత్రిలో రోగుల కన్నా వాళ్ల చక్రాల కుర్చీలూ మంచాలూ ఎలా పనిచేస్తాయన్నదే తనకు పట్టిందట. జీపీఏ (స్కూల్ మార్కుల సగటు) 3.9, కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్‌లో 1480. మా ఇద్దరి జీతాలూ కలిపి ఏడాదికి 2,10,000 డాలర్లు. పిల్లల కాలేజీ చదువు కోసం దాచే 529 ఖాతాలో 1,10,000 ఉంది. బాబు ఏడో తరగతి. అమ్మాయి ప్రొఫైల్‌ను ఇంజనీరింగ్ వైపు తిప్పడానికి ఒక కన్సల్టెంట్ 9,000 డాలర్లు అడుగుతున్నారు. మూడేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరేనా? మంచి కాలేజీలో సీటు వచ్చే అవకాశం ఎంత?

జవాబు: ముందు ఆ 9,000 డాలర్లు మీ దగ్గరే ఉంచుకోండి. చక్రాల కుర్చీ సంగతి అమ్మాయి తన మాటల్లో రాసుకుంటే చాలు. చాలా కాలేజీలకి ఒకటే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్‌లో వ్యాసానికి 650 పదాలే హద్దు, అందులో పట్టే కథ అది. డాక్టర్ కావాలని వెళ్లి యంత్రాల మీద మనసు పడిందని చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆ 200 గంటలు వృథా పోలేదు, కథ మొదలైందే అక్కడ.

నన్ను ఆపినవి మీ ఉత్తరంలో లేని రెండు మాటలు: ఫిజిక్స్, క్యాలిక్యులస్. ఇంజనీరింగ్ దరఖాస్తు చూసేవాళ్ల కళ్లు ముందు పడేది అక్కడే. బయాలజీలో ఎన్ని ‘ఎ’లు ఉన్నా ఆ లోటు పూడదు. ఈ వారమే స్కూల్ కౌన్సెలర్‌ని కలిసి 12వ తరగతి కోర్సులు మార్పించండి. క్యాలిక్యులస్, దానితోపాటు వీలైతే ఏపీ ఫిజిక్స్ సి. స్కూల్లో లేకపోతే దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో వేసవి కోర్సు ఉందేమో అడగండి. దరఖాస్తులో 12వ తరగతి కోర్సుల పట్టిక కూడా వెళ్తుంది, ఆ ఏడాది సగంలో మార్కులూ వెళ్తాయి. కాబట్టి ఇప్పుడు మార్చినా లెక్కలోకి వస్తుంది.

ఇక అవకాశం ఎంత అన్నదానికి ఒక్క శాతం చెప్పమంటే నేను చెప్పలేను. చెప్పేవాళ్లుంటే నమ్మకండి. అది కాలేజీని బట్టి, చాలాచోట్ల బ్రాంచిని బట్టి మారుతుంది. ప్రతి కాలేజీ పేరుకీ ‘కామన్ డేటా సెట్’ అని చేర్చి వెతకండి. అందులో సి విభాగంలో చేరినవాళ్ల జీపీఏ, శాట్ మార్కులు, దరఖాస్తులో దేనికెంత విలువిస్తారో ఉంటాయి. అయితే అది కాలేజీ మొత్తానికి వేసిన లెక్క. ఇంజనీరింగ్‌కి పోటీ చాలాచోట్ల అంతకన్నా ఎక్కువ. ఆ పట్టికలో అమ్మాయి మార్కులు నడుమన ఉన్న కాలేజీని ఇంజనీరింగ్‌కి కొంచెం కష్టమైనదిగానే రాసుకోండి.

ఇక్కడే మనవాళ్లలో ఒక సలహా చెవి నుంచి చెవికి తిరుగుతుంటుంది: ‘ఎలాగూ బయాలజీ ప్రొఫైల్ ఉంది కదా, బయాలజీకే దరఖాస్తు పెట్టి లోపలికెళ్లాక ఇంజనీరింగ్‌కి మారిపోవచ్చు’ అని. ఈ దొడ్డిదారి వద్దు. చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఇంజనీరింగ్ కాలేజీకి విడిగా ప్రవేశం ఉంటుంది, లోపలి బదిలీకి సీట్లు కొద్ది. బర్క్‌లీలో 2023 నుంచి కంప్యూటర్ సైన్స్‌కీ నేరుగా ప్రవేశమే పెట్టారు. మారడం కుదిరినా ఫిజిక్స్, గణితం వరస తప్పితే డిగ్రీకి ఇంకో సెమిస్టరో, ఏడాదో పడుతుంది. ఆ ఏడాదికి ఫీజూ మీదే, రాకుండా పోయిన మొదటి ఏడాది జీతమూ మీదే. దీనికన్నా పర్డ్యూ లాంటి చోట మొదటి ఏడాది అందరికీ ఉమ్మడి ఇంజనీరింగ్, తర్వాత బ్రాంచి. మనసు మార్చుకున్న పిల్లకి అలాంటి కాలేజీలు జాబితాలో ఎక్కువుండాలి.

ఇప్పుడు నా పని, డబ్బు లెక్క. 1,10,000ని నాలుగేళ్లకి పంచితే ఏడాదికి 27,500. బాబు కోసం పొదుపు ఆపకుండా, రిటైర్మెంట్ ఖాతాని తాకకుండా జీతాల్లోంచి నెలకి వెయ్యి తీయగలరనుకుందాం. అప్పుడు 39,500. అమ్మాయి పేరున ఫెడరల్ రుణం మొదటి ఏడాది 5,500 వరకూ వస్తుంది, నాలుగేళ్లకి మొత్తం 27,000. మీరు ఏ వీసాలో ఉన్నా తను పౌరురాలు కాబట్టి ఫెడరల్ సాయానికి పెట్టే దరఖాస్తు ఫాఫ్సా నింపవచ్చు. అంటే ఏడాదికి సుమారు 45,000 మీ గీత. సొంత రాష్ట్రపు ప్రభుత్వ విశ్వవిద్యాలయం సాధారణంగా ఈ గీతలోపే ఉంటుంది. పేరున్న ప్రైవేటు కాలేజీల్లో కొన్ని ఖర్చులన్నీ కలిపి ఏడాదికి 90,000 దాటాయి. అక్కడ ఏటా సగం అప్పు. తల్లిదండ్రుల పేరున ఇచ్చే ఫెడరల్ రుణం పేరెంట్ ప్లస్‌కి కూడా 2026 జూలై 1 నుంచి కొత్తవాళ్లకి ఏడాదికి 20,000, ఒక్కో బిడ్డకి మొత్తం 65,000 అని కట్టడి పెట్టారు. మిగతాది ప్రైవేటు బ్యాంకు దగ్గరే తేవాలి. వద్దండి.

అందుకే ఎర్లీ డెసిషన్ జోలికి వెళ్లొద్దంటాను. అవకాశం పెరుగుతుందని నవంబరులోనే ఒక కాలేజీకి మాటిచ్చేస్తారు. సీటొస్తే చేరాలి. సాయం చాలలేదని చెప్పి తప్పుకునే దారి ఉన్నా, నాలుగు కాలేజీల ధరలు పక్కపక్కన పెట్టి చూసుకునే అవకాశం పోతుంది. మీ ఆదాయానికి అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం పెద్దగా దక్కదు. దక్కేది ప్రతిభకిచ్చే స్కాలర్‌షిప్పే. అది అమ్మాయి మార్కులు పై వరసలో ఉన్న కాలేజీలే ఇస్తాయి. పేరు కొంచెం తక్కువైనా సరే, అలాంటివి మూడు నాలుగు జాబితాలో పెట్టండి. ఫెడరల్ సాయం ఇచ్చే ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఉండాలని 2011 నుంచి నిబంధన. మీ జీతం, ఆస్తులు వేస్తే కట్టాల్సింది అంచనాగా చెబుతుంది. 45,000కి బాగా పైన చూపించిన కాలేజీ పక్కన సీటు రాదేమో అని రాసుకున్నా, డబ్బు చాలదు అని రాసుకున్నా ఒకటే.

ఒక మాట పక్కన: డాక్టర్ చదువు మానడం మీ లెక్కకి మేలే చేసింది. 2026 జూలై నుంచి మెడికల్ స్కూల్‌కి ఫెడరల్ రుణం కొత్తవాళ్లకి ఏడాదికి 50,000, మొత్తం 2,00,000 దాటదు. ఆపైన ఖర్చు మీ మీదే పడేది.

బాబు సంగతి. ఫాఫ్సాకి చూసే ఆదాయం రెండేళ్ల వెనకటిది, అంటే కాలేజీ మొదటి ఏడాదికైతే పదో తరగతి సగం నుంచి పదకొండు సగం దాకా నడిచే క్యాలెండర్ ఏడాది. అమ్మాయికి ఆ ఏడాది దాటిపోయింది. షేర్లు అమ్మితే వచ్చే లాభమూ ఆదాయమే, కాబట్టి అమ్మాల్సింది ఉంటే వాడికి ఆ ఏడాది మొదలవకముందే అమ్మండి. అమ్మాయి 529లో మిగిలితే లబ్ధిదారుగా వాడి పేరు మార్చుకోవచ్చు, పన్నేమీ పడదు.

ఆ 45,000 అంకె అమ్మాయికి ఇప్పుడే చెప్పండి, జాబితా రాసే ముందు. ఏప్రిల్‌లో సీటు వచ్చిన ఉత్తరం చేతిలో పట్టుకుని మురిసిపోతున్నప్పుడు కాదు.