సమాసానికి విగ్రహవాక్యం

అమ్మాయీ,

సమీకరణం ఇస్తే చకచకా సాధిస్తాను, అదే మాటల్లో ఇస్తే చేయి ఆడదు అని రాశావు. నీకు రానిది లెక్క కాదు, చదవడం. కోపం తెచ్చుకోకు, ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన అనుభవంతో అంటున్నాను.

"ఎక్కువ" కనబడితే కూడిక, "తక్కువ" కనబడితే తీసివేత అని నీకు ఎవరో పట్టిక రాయించే ఉంటారు. దాన్ని చించి పారెయ్యి. అన్న దగ్గర క పుస్తకాలున్నాయి (క అంటే ఏదో ఒక సంఖ్య), అవి చెల్లెలి పుస్తకాల కంటే 7 తక్కువ. చెల్లెలి దగ్గర ఎన్ని? పట్టికను నమ్మితే క − 7 అంటావు. అన్నకే తక్కువైతే చెల్లెలికి ఎక్కువ ఉండాలి కదా! క + 7.

మాటల వరుసనూ నమ్మకు. "5ను ఒక సంఖ్య నుంచి తీసివేయి", "5 నుంచి ఒక సంఖ్యను తీసివేయి". రెండింటిలోనూ 5 ముందే ఉంది. కానీ మొదటిది క − 5, రెండోది 5 − క. తేడా అంతా ఆ "ను", "నుంచి"లదే. తెలుగులో పదాల వరుస మారినా అర్థం నిలుస్తుంది, విభక్తి మారితే తలకిందులవుతుంది. అందుకే ప్రశ్న చదువుతూ విభక్తుల కింద గీత గియ్యి.

బ్రాకెట్ జాడ క్రియలో ఉంటుంది. "సంఖ్యకు 3 కలిపి, వచ్చినదాన్ని రెట్టింపు చేయి" అంటే 2(క + 3). "సంఖ్యను రెట్టింపు చేసి, 3 కలుపు" అంటే 2క + 3. "కలిపి", "చేసి" అన్నవి ముందు జరిగిన పనులు. తెలుగు తరగతిలో క్త్వార్థకమని చదివావే, అదే. ముందు కూడికో తీసివేతో జరిగి, ఆ ఫలితం మీద గుణకారం పడితే బ్రాకెట్ కావాలి. క విలువ 4 అనుకో, మొదటిది 14, రెండోది 11.

ఇక అక్షరాల సంగతి. "విద్యార్థులు ఉపాధ్యాయులకు ఆరు రెట్లు ఉన్నారు" అంటే 6వి = ఉ అని ఇంజనీరింగ్ చదివేవాళ్లు కూడా రాసేస్తారు. వి అంటే విద్యార్థి అనుకోవడం వల్ల వచ్చే పొరపాటిది. వి అంటే విద్యార్థుల సంఖ్య. ఉపాధ్యాయులు 2 అయితే విద్యార్థులు 12. మరి 6 × 12 = 2 అవుతుందా? వి = 6ఉ అని రాయాలి. నేనూ ఒకసారి నల్లబల్ల మీద తిరగేసి రాసి, ముందు బెంచీ పిల్ల చెబితే దిద్దుకున్నాను.

నేను ఎక్స్ బదులు క వాడానని నవ్వకు. భాస్కరాచార్యుడు 1150లో రాసిన బీజగణితంలో తెలియని రాశులకు కాలకం, నీలకం అని రంగుల పేర్లు పెట్టి, వాటి మొదటి అక్షరాలే వాడాడు.

లెక్కల్లో 2క + 3 లాంటిదాన్నీ సమాసమే అంటారు కదా. రాశాక ప్రశ్న మూసేసి, తెలుగు సమాసాన్ని విప్పినట్టే నీ సమాసాన్నీ మాటల్లోకి విప్పి విగ్రహవాక్యం చెప్పుకో. 3(క − 2) + 1 అంటే "సంఖ్య నుంచి 2 తీసివేసి, మిగిలినదాన్ని 3తో గుణించి, 1 కలపగా వచ్చినది". అప్పుడు ప్రశ్న తెరిచి పోల్చి చూడు.

"20 నుంచి ఒక సంఖ్య రెట్టింపును తీసివేసి, మిగిలినదాన్ని 3తో భాగించు." దీనికి సమాసం రాసి వచ్చే ఉత్తరంలో పంపు. బ్రాకెట్ మరిచిపోతావని నా అనుమానం.

మామయ్య